ముందు శ్లాబు, తరువాత సోలార్: ఇంటి బాగుకు డబ్బు ఎక్కడెక్కడ దొరుకుతుంది

మాది తెనాలి. మా మామగారు 1991లో కట్టించిన ఇల్లు: రెండు గదులు, హాలు, వంటిల్లు, పైన శ్లాబు. మా వీధి డ్వాక్రా సంఘానికి పదిహేనేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఆ చనువుతో చుట్టుపక్కల వాళ్లు కరెంటు బిల్లులు, బ్యాంకు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. మా ఇంటితో కలిపి ఏడిళ్ల సోలార్ దరఖాస్తులు నేనే దగ్గరుండి పెట్టించాను. అందులో రెండిళ్ల వాళ్లు తొందరపడి నష్టపోయారు. ఒకరు కారుతున్న శ్లాబు మీద ప్యానెళ్లు బిగించుకున్నారు. మరొకరు రాయితీ ఎక్కువ వస్తుందని అవసరానికి మించి పెద్దది పెట్టించుకున్నారు. ఏ పని ముందు, ఏది తరువాత, దేనికి డబ్బు ఎక్కడ అడగాలి అన్నది ఎవరైనా వాళ్లకు ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇది రాస్తున్నాను.

మీటరు ఎవరి పేరున ఉంది?

అన్నిటికంటే ముందు కరెంటు బిల్లు తీసి పేరు చూడండి. మా ఇల్లు దస్తావేజు ప్రకారం మా వారి పేరున ఉంది, ఇంటి పన్నూ ఆయన పేరునే వస్తుంది. మీటరు మాత్రం మామగారు పోయిన పదకొండేళ్ల తరువాత కూడా ఆయన పేరునే ఉండిపోయింది. నెలనెలా బిల్లు కడుతూనే ఉన్నాం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సోలార్ రాయితీకి దరఖాస్తు పెట్టేటప్పుడు కథ అక్కడే ఆగింది. బిల్లులోని పేరు, రాయితీ పడాల్సిన బ్యాంకు ఖాతాలోని పేరు ఒకటై ఉండాలి. అక్షరాల తేడా, ఇంటిపేరు తేడా ఉన్నా సరిచేయించుకోవాలి.

పేరు మార్పుకు విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో గానీ, మీసేవలో గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, దస్తావేజు నకలు, ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకెళ్లండి. ఇల్లు ఇంకా వారసుల మధ్య తేలకపోతే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. దీనికి వారాలు పట్టవచ్చు. శ్లాబు పని మొదలుపెట్టిన రోజే ఈ కాగితం కూడా కదిలించి ఉంచండి.

శ్లాబు: ఎక్కడ కారుతుందో ముందు కనిపెట్టాలి

ప్యానెళ్లు ఒకసారి బిగించాక వాటి కింద పూత వేయడం, నెర్రెలు పూడ్చడం చాలా కష్టం. ఫ్రేములు విప్పి మళ్లీ బిగించడానికి వేలల్లో అవుతుంది. పాతికేళ్లు ఉండే వస్తువును పైన పెట్టబోతున్నాం కాబట్టి కింద ఉన్నది గట్టిగా ఉండాలి.

మా వంటింటి మూల ప్రతి వానకూ చెమ్మ పట్టేది. మొదట వచ్చిన మేస్త్రీ శ్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ చేయాలని 62,000 చెప్పాడు. రెండో మేస్త్రీ పెద్దవాడు. ముందు నీళ్లు కట్టి చూద్దామన్నాడు. నీళ్లు పోయే గొట్టాల నోళ్లు గుడ్డలతో బిగించి, సిమెంటుతో చిన్న గట్లు పోసి శ్లాబును నాలుగు మడులుగా చేశాడు. సాయంత్రం ఆరింటికి రెండంగుళాల నీళ్లు నిలిపాం. నేను కింద నిచ్చెన వేసుకుని, టార్చి లైటుతో, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను. రాత్రి పదకొండున్నరకు వంటింటి మూల అరచేతి అంత మచ్చ తేలింది. దాని చుట్టూ గీత గీసి పక్కన సమయం రాశాను. తెల్లవారి ఐదింటికి ఆ మచ్చ గీత దాటి జానెడు పెరిగింది. రెండు రోజులు నీళ్లు అలాగే ఉంచాం. మిగతా మూడు మడుల కింద ఒక్క చుక్క లేదు.

కారుతున్నది శ్లాబు కాదు, పిట్టగోడ శ్లాబును కలిసే చోటు. అక్కడి పాత సిమెంటు చెక్కి, నెర్రె పూడ్చి, మూల పొడవునా వంపుగా గట్టు పోసి, దాని మీద పూత వేశారు. ఎలాగూ పని మొదలైంది కాబట్టి శ్లాబంతటికీ తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేయించాం. మొత్తం 31,000 అయింది. ఆ రెండు రాత్రులు నిద్ర చెడగొట్టుకున్నందుకు మాకు 31,000 మిగిలింది. వేసవిలో తెల్ల పూత ఎండను వెనక్కి కొడుతుంది, పై గది వేడి తగ్గుతుంది. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చారు. 600 చదరపు గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఎవరి ఇష్టం వారిది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మీ పైకప్పు పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము బయటికి కనిపిస్తుంటే నీళ్లు కట్టే పరీక్ష చేయకండి. రెండంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. ముందు ఒక ఇంజినీరును పిలిచి చూపించండి. తుప్పు గీకి, ఇనుముకు పూత పూసి, ఊడిన చోట మరమ్మతు చేశాకే మిగతా ఆలోచన. ఈ పనిలో మిగుల్చుకోవాలని చూడకండి. ఆ కప్పు కిందే పిల్లలు పడుకుంటారు.

మరమ్మతుకు డబ్బు

శ్లాబు మరమ్మతు ఖర్చు ఇచ్చే రాయితీ పథకం మనలాంటి వాళ్లకు లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన, తెలంగాణలో 5 లక్షలిచ్చే ఇందిరమ్మ ఇళ్లు పక్కా ఇల్లు లేనివారి కోసం వచ్చినవి. ఆ పేరు చెప్పి మరమ్మతుకు డబ్బు ఇప్పిస్తామని ఎవరైనా దరఖాస్తుకు సొమ్ము అడిగితే ఇవ్వకండి. ఇక మిగిలేది చౌకగా అప్పు తెచ్చుకోవడం, మన సొమ్ము మనం తీసుకోవడం, పన్నులో కొంత తగ్గించుకోవడం.

మా వారికి స్పిన్నింగ్ మిల్లులో ఉద్యోగం, ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఉంది. ఇల్లు కట్టి ఐదేళ్లు దాటితే, ఆ ఇల్లు సభ్యుడి పేరున గానీ భార్య లేదా భర్త పేరున గానీ ఉంటే, మరమ్మతులకు అడ్వాన్సు తీసుకునే వీలు ఈపీఎఫ్‌లో ఉంది. మేము తీసుకున్నప్పుడు 12 నెలల మూల వేతనం, కరువు భత్యం దాటకుండా ఇచ్చారు. దీన్ని తిరిగి కట్టనక్కరలేదు, వడ్డీ లేదు. 2025 అక్టోబరులో ఈ నిధిని నడిపే ఈపీఎఫ్ఓ సంస్థ ధర్మకర్తల మండలి ఈ ఉపసంహరణ నిబంధనలను సులభం చేయాలని నిర్ణయించింది. ఎన్నో రకాలుగా ఉన్నవాటిని మూడింటికి కుదించడం, 12 నెలల సర్వీసుకే అర్హత ఇవ్వడం, 25 శాతం నిల్వ ఉంచడం అందులో ఉన్నాయి. దరఖాస్తు పెట్టే ముందు ఆన్‌లైన్ ఖాతాలో ఏ వర్గం కింద అడుగుతున్నారో చూసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, అది ముసలితనం కోసం దాచిన సొమ్ము. మేము 20,000 మాత్రమే తీశాం, మిగతా 11,000 సంఘం అప్పు తెచ్చాం.

సంఘంలో ఉన్న ఆడవాళ్లకు సంఘం అప్పే నా మొదటి సలహా. బంగారం తాకట్టు పెట్టక్కరలేదు, వాయిదాలు చిన్నవి. ఇప్పటికే గృహ రుణం ఉన్నవాళ్లు అదే బ్యాంకులో టాప్ అప్ (ఆ రుణం మీదే అదనపు అప్పు) అడగండి. వడ్డీ గృహ రుణానికి దగ్గరగా ఉంటుంది, వ్యక్తిగత రుణం కన్నా బాగా తక్కువ.

పన్ను కట్టేవాళ్లు ఇది చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారు, సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతుకు తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీలో ఏడాదికి 30,000 వరకు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. ఇల్లు కొనడానికి, కట్టడానికి తెచ్చిన అప్పుకు ఉండే 2 లక్షల పరిమితిలోనే ఇదీ కలుస్తుంది, వేరుగా రాదు. అప్పు అసలు సొమ్ము తిరిగి కట్టినదానికి వచ్చే పన్ను మినహాయింపు మరమ్మతు అప్పుకు వర్తించదు. కొత్త విధానంలో సొంత నివాసం వడ్డీకి ఏమీ రాదు. అద్దెకిచ్చిన ఇల్లయితే వడ్డీని అద్దె ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అప్పు ఇంటి మరమ్మతు కోసమేనని బ్యాంకు కాగితం మీద రాసి ఉండాలి, ఏటా వడ్డీ ధ్రువపత్రం తీసుకోవాలి, మేస్త్రీ బిల్లులు దాచాలి.

సామాను ధర కూడా కొంత తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి, సోలార్ ప్యానెళ్ల మీద 12 నుంచి 5కి దిగింది. పాత ధరల చీటీ పట్టుకుని వచ్చేవాళ్లను ఈ సంగతి అడగండి.

సోలారుకు ముందు ఫ్యాన్లు

సోలార్ ఎంత పెట్టాలో తేల్చుకోవాలంటే ముందు వాడకం తగ్గించాలి. మా పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారు ఫ్యాను, 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, గాలి అంతే వస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. మేము మూడు మార్చాం, 48 యూనిట్లు తగ్గాయి. అరగంట తిరిగే ఫ్యాన్లు మార్చాల్సిన పని లేదు.

ఆ 48 యూనిట్ల విలువ తెలియాలంటే బిల్లులోని మెట్లు తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు యూనిట్ ధర ఇలా ఉంది: మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరు. మనం ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతుంది. మా ఇంటి వాడకం ఏడాది సగటున నెలకు 320 యూనిట్లు, కరెంటు ఖరీదు మాత్రమే లెక్కేస్తే 1,848 రూపాయలు. ఫ్యాన్లు మార్చాక 272 యూనిట్లు, 1,428 రూపాయలు. మూడు ఫ్యాన్లకు 9,000 ఖర్చయింది, నెలకు 420 మిగిలింది. రెండేళ్లలోపే ఆ ఖర్చు తిరిగొచ్చింది.

రెండు కిలోవాట్లా, మూడా?

ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్లకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. 2026–27 ఆర్థిక సంవత్సరం వరకు అమల్లో ఉంటుంది. రాయితీ కిలోవాటుకు 30,000 చొప్పున రెండు కిలోవాట్ల వరకు, మూడో కిలోవాటుకు 18,000. అంటే ఒకటికి 30,000, రెండింటికి 60,000, మూడింటికి గానీ అంతకు మించి గానీ 78,000. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు రాష్ట్రం దీనికి తోడు మరో 20,000 ఇస్తోంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్లు పూర్తి ఉచితంగా పెట్టే కార్యక్రమం ఉంది. ఆ కుటుంబాల వాళ్లు సొంత డబ్బు పెట్టే ముందు విద్యుత్ కార్యాలయంలో అడిగి పేరు నమోదు చేయించుకోండి. అపార్టుమెంట్లలో లిఫ్టు, మోటారు వంటి ఉమ్మడి వాడకానికి సంక్షేమ సంఘం పేరున కిలోవాటుకు 18,000 వస్తుంది.

మా దగ్గరికి వచ్చిన, సోలార్ బిగించే ఏజెన్సీలన్నీ మూడు కిలోవాట్లే పెట్టుకోమన్నాయి. 78,000 వస్తుంటే 60,000కే ఎందుకు సరిపెట్టుకుంటారని అడిగారు. నేను వాళ్ల ముందే కాగితం మీద లెక్క వేశాను.

మన ప్రాంతంలో కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. రెండు కిలోవాట్లు నెలకు 230 యూనిట్లు ఇస్తాయని తగ్గించే వేసుకున్నాను. 272లో 230 పోతే 42 యూనిట్లు మిగులుతాయి, వాటి ఖరీదు 93 రూపాయలు. అంటే నెలకు 1,335, ఏడాదికి 16,000 ఆదా. రెండు కిలోవాట్లకు ధర 1,35,000, రాయితీ పోతే 75,000. ఐదేళ్లలోపే తిరిగొస్తుంది. మూడు కిలోవాట్లకు చెప్పిన ధర 1,90,000. ఆ మూడో కిలోవాటు కోసం అదనంగా పెట్టాల్సింది 55,000, రాయితీ పోతే 37,000. అది తగ్గించేది ఆ 93 రూపాయలనే. ఏడాదికి 1,116. ముప్పై మూడేళ్లు! ప్యానెళ్ల సామర్థ్యానికి హామీ ఉన్నదే పాతికేళ్లు. మిగులు యూనిట్లు గ్రిడ్డుకు (విద్యుత్ సంస్థ లైనుకు) వెళ్తే లెక్క కడతారు గానీ, ఆ ధర మనం పై మెట్టులో కొనే ధరకు దగ్గరికి కూడా రాదు.

అందరికీ రెండే చాలని కాదు. ఏసీ ఉన్నా, వచ్చే ఏడాది పెట్టుకోబోతున్నా వాడకం పై మెట్లకు ఎక్కుతుంది, అప్పుడు మూడో కిలోవాటుకు కూడా పని ఉంటుంది. పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని ఎవరి లెక్క వాళ్లు వేసుకోండి. ఇంకో సంగతి: తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్న కుటుంబాలు అప్పు చేసి సోలార్ పెట్టుకోవద్దు. తగ్గించడానికి అక్కడ బిల్లే లేదు.

కరెంటు పోయినప్పుడు సోలార్ ఉన్నా ఇంట్లో లైటు వెలగదని కూడా తెలుసుకోండి. లైను మీద పనిచేసే మనిషికి ప్రమాదం రాకుండా, గ్రిడ్డు ఆగితే, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టరూ ఆగిపోతుంది. బ్యాటరీ వేరే ఖర్చు, దానికి ఈ రాయితీ లేదు.

దరఖాస్తు, ఏజెన్సీ, బ్యాంకు

సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, పంపిణీ సంస్థ, బిల్లు మీది సర్వీసు నంబరు, ఫోను నంబరు ఇచ్చి నమోదు కావాలి. దరఖాస్తుకు రుసుము లేదు. పది కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చేలా 2024లో నిబంధనలు మార్చారు. తరువాత పోర్టల్‌లో ఉన్న నమోదైన ఏజెన్సీల్లోంచే ఎంచుకోవాలి. బయటివాళ్లతో పెట్టిస్తే రాయితీ రాదు.

ముగ్గురి దగ్గర ధర తీసుకోండి. మాకు ఒకతను 1,12,000కే పెడతానన్నాడు. ప్యానెళ్లు డీసీఆర్‌వేనా అని అడిగాను. ఏవైనా ఒకటేనమ్మా అన్నాడు. ఒకటి కాదు. లోపలి సోలార్ సెల్‌తో సహా మన దేశంలోనే తయారైన ప్యానెళ్లకే రాయితీ. అవే డీసీఆర్ ప్యానెళ్లు. అతని మాట వింటే 23,000 మిగుల్చుకోబోయి 60,000 పోగొట్టుకునేవాళ్లం. ఒప్పంద పత్రంలో డీసీఆర్ అని, ప్యానెల్ కంపెనీ, వాట్లు, ఇన్వర్టర్ కంపెనీ, ఐదేళ్ల నిర్వహణ, అన్నీ రాయించుకోండి. సామాను వచ్చిన రోజు ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. మేము పదో వంతు అడ్వాన్సు ఇచ్చాం, సామాను దిగాక చాలా వరకు ఇచ్చాం, పదిహేను వేలు నెట్ మీటరు (మనం తీసుకున్న యూనిట్లు, గ్రిడ్డుకు ఇచ్చిన యూనిట్లు రెండూ లెక్కించేది) బిగించే దాకా ఆపాం. ఆ చివరి సొమ్ము చేతిలో ఉంది కాబట్టే వాళ్లు మీటరు కోసం పంపిణీ సంస్థ కార్యాలయం చుట్టూ తిరిగారు.

అప్పు కావాలంటే పోర్టల్ నుంచే జన్‌సమర్థ్ అనే ప్రభుత్వ రుణాల పోర్టల్ ద్వారా ప్రభుత్వ రంగ బ్యాంకులకు దరఖాస్తు వెళ్తుంది. మూడు కిలోవాట్ల వరకు 2 లక్షల దాకా హామీ లేకుండా ఇస్తారు. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటు (రిజర్వు బ్యాంకు తాను బ్యాంకులకిచ్చే అప్పుకు తీసుకునే వడ్డీ) మీద అర శాతం ఎక్కువ, అంటే వ్యక్తిగత రుణం కన్నా బాగా చౌక. ధరలో పదో వంతు మనం పెట్టుకోవాలి. రాయితీ వచ్చాక ఆ సొమ్ము వేరే ఖర్చుకు పోనీయకుండా అప్పులో జమ చేయండి, వాయిదాల భారం సగం దిగుతుంది.

బిగించేటప్పుడు ఇంటి మనిషి ఒకరు మేడ మీద ఉండాలి. మాది సముద్రానికి దగ్గరి జిల్లా, తుపాను గాలి తగులుతుంది. ఇక్కడ భయం ప్యానెళ్ల బరువు గురించి కాదు, గాలి వాటిని కింద నుంచి పైకి లేపుతుంది. కొత్తగా పూసిన శ్లాబుకు రంధ్రాలు పెట్టనివ్వకుండా కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు బిగించమన్నాను. బోల్టులన్నీ తుప్పు పట్టనివి వాడించాం. నీళ్ల ట్యాంకు నీడ ఉదయం ఎటు పడుతుందో, సాయంత్రం ఎటు పడుతుందో ముందురోజే సుద్దముక్కతో శ్లాబు మీద గీసి ఉంచాను. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం తగ్గిపోతుంది. ఎర్తింగుకు మూడు గుంతలు తీశారా లేదా చూడండి. ఇంటి కరెంటు (ఏసీ) వైపుకు ఒకటి, ప్యానెళ్ల కరెంటు (డీసీ) వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి.

పని అయ్యాక ప్యానెళ్ల పక్కన ఇంటి యజమాని నిలబడిన ఫోటోతో వివరాలు పోర్టల్‌లో పెడతారు. పంపిణీ సంస్థ వాళ్లు తనిఖీ చేసి, నెట్ మీటరు బిగించి, ప్రారంభ ధ్రువపత్రం ఇస్తారు. అప్పుడు బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు పెట్టాలి. రాయితీ 30 రోజుల్లో వేస్తామని ప్రభుత్వం చెబుతోంది. మాకు 19 రోజులకు 60,000 పడింది.

వంటింట్లో గోడ క్యాలెండరు మీద ప్రతి రాత్రి ఇన్వర్టర్ చూపిన యూనిట్లు రాస్తాను. ఒక వారం ఎనిమిది నుంచి ఆరుకు పడిపోయింది. ఆకాశం శుభ్రంగానే ఉంది. మేడ ఎక్కి చూస్తే పక్కింటి కొబ్బరి మట్ట ఒకటి వంగి రెండో ప్యానెల్ మీద నీడ వేస్తోంది. వాళ్లను అడిగి కొట్టించాం, మళ్లీ ఎనిమిదికి వచ్చింది. దుమ్ము కోసం పదిహేను రోజులకోసారి ఎండ ఎక్కక ముందే మామూలు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడుగుతాను. వేడెక్కిన అద్దం మీద చల్లని నీళ్లు పోయకూడదు. శుభ్రం చేసినా యూనిట్లు పెరగకపోతే ఏజెన్సీకి ఫోను చేయండి. ఐదేళ్ల వరకు అది వాళ్ల బాధ్యత, వచ్చి చూడడానికి డబ్బు ఇవ్వనక్కరలేదు.